లేత్ మీద తీసిన పిడికి నిలువునా రంధ్రం: అవతలి కొస పక్కకు పోతోంది

గాజువాక_కర్రపని:
చేత్తో తిప్పే మెషిన్లకి తిరిగే పిడులు చేస్తున్నాం. తుమ్మ కర్ర, పొడవు 120 మి.మీ., లావు 34. ఎం8 (8 మి.మీ. లావు) బోల్టు మీద వదులుగా తిరగాలని 8.5 బిట్ వాడుతున్నాం. పిడి పూర్తిగా తీసి నునుపు చేశాక, వైస్‌లో పట్టి హ్యాండ్ డ్రిల్‌తో కొడుతున్నాం. మొదలు నడిమధ్యే ఉంటుంది, అవతల తేలేసరికి 3 మి.మీ. తప్పుతోంది. తిప్పితే పిడి ఊగుతోంది. లేత్‌కి కర్రను పట్టి తిప్పే నాలుగు దవడల చక్, దానికి ఎదురుగా ఉండే టెయిల్‌స్టాక్‌కి బిట్‌ను పట్టే డ్రిల్ చక్ ఉన్నాయి. ఎక్కడ మార్చాలండి?

కంచరపాలెం_టర్నర్:
వరస తిరగేయండి. ముందు రంధ్రం, తర్వాత పిడి. రంధ్రం ఒకవేళ కాస్త వంకర పోయినా, దాన్నే ఇరుసుగా పెట్టి బయట తీస్తే రెండు కొసల్లోనూ నడుమకే వస్తుంది.

40 మి.మీ. చదరపు ముక్క, పొడవు 140 తీసుకోండి. గుండ్రంగా చేసి చక్‌లో పట్టండి. కొస ముఖాన్ని చదునుగా కోసి, సెంటర్ డ్రిల్‌తో (పొట్టి, గట్టి బిట్) చిన్న గుంట పెట్టాకే 8.5 బిట్ దించండి. గుంట లేకపోతే బిట్ మొన గట్టి నార మీద జారి, మెత్తటి వైపు దారి చూసుకుంటుంది.

ఇక్కడ కర్ర తిరగాలి, బిట్ కదలకూడదు. బిట్ తిరిగి కర్ర నిలబడితే, ఒకసారి పక్కకు ఒరిగిన మొన అదే వైపు పోతూనే ఉంటుంది. కర్ర తిరుగుతుంటే ఆ ఒరుగు ప్రతి చుట్టుకీ దిక్కు మారుతుంది కాబట్టి రంధ్రం ఇరుసు వెంటే నడుస్తుంది. టెయిల్‌స్టాక్ లైను తప్పితే మాత్రం మూతి వెడల్పవుతుంది. చక్ వైపు, టెయిల్‌స్టాక్ వైపు పెట్టే మొనదేలిన రెండు సెంటర్ల మొనలూ ఎదురెదురుగా తాకించి, అవి కలుస్తున్నాయో లేదో ముందే చూసుకోండి.

స్పీడు నిమిషానికి 700 చుట్లు దాటించొద్దు. ప్రతి 10 మి.మీ.కి బిట్ వెనక్కి లాగి పొట్టు దులపాలి. మామూలు 8.5 బిట్‌కి గాడి పొడవు 75 మి.మీ. మాత్రమే. గాడి మొత్తం లోపలికి పోతే పొట్టుకి బయటికి దారి ఉండదు, మాడు వాసన వస్తుంది, బిట్ పట్టేస్తుంది. అందుకే ఒక్కో కొస నుంచి సగం చొప్పున కొట్టి నడుమ కలపండి. వెనక్కి లాగేటప్పుడు లేత్ ఆపేయండి. పొట్టు బిగిసి ఉంటే డ్రిల్ చక్ టేపర్ (టెయిల్‌స్టాక్‌లో అది బిగుసుకునే కోసు రంధ్రం) నుంచి ఊడి, కర్రతోపాటు తిరిగే ప్రమాదం ఉంది.

తర్వాత చక్‌లో ఒక వేస్టు ముక్క పట్టి, దాని కొసన 8.5 లావు, 15 పొడవు పుల్ల తీయండి. పిడి ముక్కను దాని మీదకు బిగుతుగా తొడిగి, రెండో కొసకు టెయిల్‌స్టాక్ నుంచి తిరిగే కోన్ సెంటర్ (కోసు మొన) ఆన్చి, బయట పిడి తీయండి. ఎక్కువ బిగిస్తే కోన్ కర్రను చీలుస్తుంది.

ఆటోనగర్_ఫిట్టర్:
పై మాట సరైనదే. ఎక్కువ పిడులుంటే పిల్లర్ డ్రిల్ (నిలువు స్తంభానికి బిగించిన డ్రిల్ మెషిన్) మీద కూడా చేయొచ్చు. టేబుల్‌కి చెక్క బిగించి, అదే బిట్‌తో రంధ్రం కొట్టి, టేబుల్ కదపకుండా అందులో మొన తీసిన 8.5 ఇనుప కడ్డీ నిలబెట్టండి. ముక్క అడుగున మధ్యలో గుంట పెట్టి దాని మీద కూర్చోబెడితే, బిట్ సూటిగా ఆ మొన వైపే దిగుతుంది. చిన్న మెషిన్లో క్విల్ (బిట్‌ను కిందికి దించే గొట్టం) 50 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. ముక్క తిరగేసి రెండో వైపూ అంతే కొట్టి, నడుమ మిగిలింది పొడవాటి బిట్‌తో చేత్తో తీయండి. అప్పటికే ఉన్న రంధ్రమే దారి చూపిస్తుంది.

ఇంకోటి, కర్ర బాగా ఆరాలి. పచ్చి కర్రలో కొట్టిన రంధ్రం ఆరాక కోలగా మారి బోల్టుని పట్టేస్తుంది. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర లేత్ మీద వెన్నలా తెగుతుంది గానీ మెత్తన, బోల్టు తినేస్తుంది. ఆ కర్ర వాడితే 10 రంధ్రం కొట్టి ఇత్తడి గొట్టం అరాల్డైట్‌తో అతికించండి.

గాజువాక_కర్రపని:
థాంక్సండి ఇద్దరికీ. ఇప్పటికే వంకరగా కొట్టిన పిడులు పనికొస్తాయా?

కంచరపాలెం_టర్నర్:
వస్తాయి. అదే పుల్ల మీద తొడిగి, రంధ్రాన్ని ఇరుసు చేసి బయట మళ్లీ తీయండి. 3 మి.మీ. తప్పిన కొసలో 34 కాస్తా 28 అవుతుంది, మొదటి కొస అలాగే ఉంటుంది. లావు వైపు క్రాంక్‌కి (మెషిన్ తిప్పే చెయ్యికి) పెట్టండి.