ఇల్లంతా ఒక్క బోర్డు మీద పెట్టొచ్చా? రాస్ప్‌బెర్రీ పై కంట్రోలరా, రెడీమేడ్ హబ్బా?

కొత్తవైర్:
ఇంట్లో వైరింగ్ మొత్తం మారుస్తున్నాం, గోడలు ఇంకా కొట్టేసే ఉన్నాయి, పూడ్చేశాక అడిగి లాభం లేదని ఇప్పుడే అడుగుతున్నా. ప్లాన్ ఏంటంటే ప్రతి లైటు, ప్రతి ఫ్యాను వైరు నేరుగా ఒకే బాక్సులోకి లాగి, అందులో రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు, అందరూ పై అంటారు), రిలే బోర్డులు (బోర్డు చెబితే కరెంటు కలిపి తీసే స్విచ్‌లు), ఇల్లంతా నడిపే సాఫ్ట్‌వేర్ హోమ్ అసిస్టెంట్. గోడల మీద స్విచ్‌లు ఉండవు, గదికో టచ్ ప్యానెల్, ఫోన్లో యాప్, అంతే. మా తమ్ముడేమో ఇదంతా పిచ్చి, రెడీమేడ్ హబ్ (కంపెనీ వాళ్ళు సిద్ధంగా అమ్మే కంట్రోల్ బాక్సు) కొనుక్కో అంటున్నాడు. ఎలక్ట్రీషియన్ రోజూ ఫోన్ చేసి ఏదో ఒకటి తేల్చండి సార్ అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

రిలే_రాజా:
చేసెయ్ బ్రో, ఇందులో ఆలోచించడానికేం లేదు. నేను కూడా ముందు రెడీమేడ్ హబ్బే కొన్నా, ఒకరోజు పొద్దున్నే కంపెనీ నుంచి మెయిల్, ఈ మోడల్‌కి సర్వీసు ఆపేస్తున్నాం అని. హబ్బుకి ఏ రోగమూ లేదు, కానీ వాళ్ళ సర్వర్ లేకపోతే లాగిన్ అవదు, లాగిన్ అవకపోతే తీసి పారెయ్యడమే. నా ఒక్కడికే కాదు, రివాల్వ్ అనే హబ్‌ని 2014లో నెస్ట్ కొనుక్కుని 2016 మేలో సర్వర్లు ఆపేసింది, ఇన్‌స్టియాన్ అయితే 2022 ఏప్రిల్లో చెప్పాపెట్టకుండా సర్వర్లు కట్టేసింది. పై మీద పెట్టుకుంటే అన్నీ నీ ఇంట్లోనే, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. మా ఇంట్లో నాలుగేళ్ళుగా ఇదే, గోడ మీద ఒక్క స్విచ్ లేదు.

కాలినకార్డు:
అంతా బానే చెప్పావ్ గానీ అన్నా, ఎస్‌డీ కార్డు సంగతి ఎత్తలేదేం? ఇల్లు మొత్తం గోరంత కార్డు మీద ఆధారపడి ఉంటుంది. హోమ్ అసిస్టెంట్ ప్రతి సెన్సర్ మార్పునీ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో రాస్తూనే ఉంటుంది, సెట్టింగ్ మార్చకపోతే 5 సెకన్లకోసారి కార్డు మీదికి దింపుతుంది, 10 రోజుల చరిత్ర ఉంచుతుంది. సరిగ్గా రాస్తున్నప్పుడు కరెంటు పోయిందా, ఫైల్ సిస్టమ్ గోవిందా. మా ఇంట్లో అలాగే పోయింది, అది కూడా చుట్టాలు వచ్చి ఉన్న రోజు, బాత్రూమ్ లైటు వెలగక అందరూ నా మొహం చూడటమే.

ఫ్యూజ్‌పోయింది:
ముందు 5 వోల్టులు 3 యాంపులు సరిగ్గా ఇచ్చే అడాప్టర్ పెట్టండి. పాత ఫోన్ చార్జర్ తగిలించి కార్డుని తిట్టేవాళ్ళే సగం మంది.

రిలే_రాజా:
కార్డు ఎవడు వాడమన్నాడు? పై 4 యూఎస్‌బీ నుంచి నేరుగా బూట్ అవుతుంది, ఎస్‌ఎస్‌డీ డిస్కు పెట్టు, పై 5 అయితే ఎన్‌వీఎమ్ఈ (ఇంకా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ) కూడా పెట్టుకోవచ్చు, పక్కన చిన్న యూపీఎస్. అయిపోయింది కదా నీ సమస్య. నువ్వు చెయ్యాల్సింది చెయ్యకుండా బోర్డుని అంటే ఎలా?

కాలినకార్డు:
నాది అడాప్టర్ సమస్య కాదు, బద్ధకం సమస్య కూడా కాదు. ఎస్‌ఎస్‌డీ అయినా రాసేకొద్దీ అరిగేదే, కార్డు కంటే చాలా లేటుగా అంతే. అసలు అంత రాయడం ఎందుకు అంటున్నా. రికార్డర్‌లో (హోమ్ అసిస్టెంట్‌లో చరిత్ర రాసే భాగం) అక్కర్లేని సెన్సర్లు తీసేసి, చరిత్ర ఒక్క రోజుకి కుదించు, కార్డు కూడా ఏళ్ళు వస్తుంది.

పిల్లిగడ్డం:
జిగ్‌బీ డాంగిల్ (బల్బులతో, సెన్సర్లతో వైరు లేకుండా మాట్లాడే యూఎస్‌బీ రేడియో) కూడా పెడతావా? పెడితే నీలం రంగు యూఎస్‌బీ పోర్టు పక్కన నేరుగా గుచ్చకు, మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెట్టు. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పడుతుంది, జిగ్‌బీ నడిచేదీ అక్కడే. బల్బులు ఊరికే ఆఫ్‌లైన్ అయిపోతుంటే జనం బల్బు కంపెనీని తిడుతుంటారు.

కొత్తవైర్:
జిగ్‌బీ ఇంకా అనుకోలేదు బ్రో. స్విచ్‌లు తీసెయ్యాలా వద్దా, నాకు అర్జంటుగా కావాల్సింది అదొక్కటే.

తాతగారి_టెస్టర్:
బాబూ, స్విచ్ సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి. పై పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టులు తగిలాయంటే బోర్డు పోతుంది. 5 వోల్టుల రిలే బోర్డుకి జేడీ-వీసీసీ జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న క్లిప్పు) పీకేసి, జేడీ-వీసీసీకి (రిలే వైపు) 5, వీసీసీకి (సిగ్నల్ వైపు) 3.3 ఇవ్వాలి, లేదంటే కొన్ని బోర్డుల్లో ఆఫ్ చేసినా రిలే సరిగ్గా వదలదు. రిలే మీద 10 యాంపులు అని రాసి ఉందని మోటారు దానికి కలిపేస్తారు, ఆ లెక్క హీటర్ లాంటి లోడుకి. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, కాంటాక్టులు అతుక్కుపోతే నువ్వు యాప్‌లో ఆఫ్ నొక్కుతూనే ఉంటావు, మోటారు తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో కాంటాక్టర్ (మోటారు లోడు తట్టుకునే పెద్ద రిలే) పెట్టు. మెయిన్స్ పని ఎలక్ట్రీషియన్ చేత్తోనే చేయించు.

రిలే_రాజా:
టెస్టర్ గారు చెప్పింది కరెక్ట్. అయితే అది జాగ్రత్తగా చెయ్యాలి అనడానికి కారణం గానీ చెయ్యకూడదు అనడానికి కాదు.

కాలినకార్డు:
కొత్తవైర్, నీ ప్రశ్నకి సూటిగా జవాబు: స్విచ్‌లు తియ్యకు. మెట్ల దగ్గర టూ-వే వైరింగ్ ఉంటుంది కదా, కింద వేసి పైన ఆర్పేది. అందులో రెండో స్విచ్ ఉండాల్సిన చోట రిలే పెట్టు, దానికీ కామన్, ఎన్ఓ (మామూలుగా తెరిచి ఉండేది), ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండేది) మూడు పాయింట్లూ ఉంటాయి. అప్పుడు బోర్డు చచ్చిపోయినా, కార్డు కాలిపోయినా, గోడ స్విచ్ కొడితే లైటు వెలుగుతుంది, మళ్ళీ కొడితే ఆరుతుంది. ఇంకో సంగతి, రాజా చెప్పిన ఇన్‌స్టియాన్ సర్వర్లు పోయినప్పుడు పోయింది యాప్, గోడల్లో ఉన్న వాళ్ళ స్విచ్‌లు చేత్తో కొడితే పనిచేశాయి. అంత దారుణంగా మూతపడ్డ కంపెనీ సామాను కూడా వెలిగింది, మా ఇంట్లో నా చేత్తో చేసింది వెలగలేదు.

రిలే_రాజా:
టూ-వే పెడితే లైటు వెలుగుతోందో లేదో బోర్డుకి తెలీదు, అది ఆలోచించావా? రిలే ఏ వైపు ఉందో తెలుసు, గోడ స్విచ్ ఏ వైపు ఉందో తెలీదు. యాప్‌లో ఆన్ అని చూపిస్తుంది, గదిలో చీకటి. ఇక ఆటోమేషన్ దేనికి? రికార్డు మొత్తం తప్పుల తడకే. నా దగ్గర రెండేళ్ళ హిస్టరీ ఉంది, ఏ లైటు ఎప్పుడు వెలిగింది, ఎంతసేపు వెలిగింది, నిమిషాలతో సహా. స్విచ్‌లు పెట్టి అదంతా పాడు చేసుకోమంటావా?

కాలినకార్డు:
రెండేళ్ళా? ఏం చేసుకుంటావన్నా రెండేళ్ళ లైటు హిస్టరీ?

రిలే_రాజా:
నా డేటా నా ఇష్టం. నీ కార్డు బాధ నా ఎస్‌ఎస్‌డీ మీద పెట్టకు.

ఫ్యూజ్‌పోయింది:
టూ-వేలో లైటు స్థితి తెలియాలంటే లైన్ మీద కరెంట్ సెన్సర్ పెడితే సరిపోద్ది, దీనికి ఇంత గొడవా

మెట్లకింద:
ఇక్కడ ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. మా అన్నయ్య ఇల్లంతా రాజా గారిలాగే చేశాడు, స్విచ్‌లు తీసేసి, ప్యానెళ్ళు పెట్టి, తర్వాత ఉద్యోగానికి వేరే దేశం వెళ్ళిపోయాడు. ఇంట్లో నేనూ అమ్మా. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇంటర్నెట్ ఇంకా రాకపోతే దానికి టైము తప్పుగా ఉంటుంది, అర్ధరాత్రి హాల్లో లైట్లన్నీ వెలుగుతాయి. అన్నయ్య నిద్ర లేచేదాకా ఆగాలి. కొత్తవైర్ గారూ, మీరు ఇంట్లో లేనప్పుడు మీవాళ్ళు లైటు ఎలా వేసుకుంటారో అది చూసుకుని పెట్టండి.

తాతగారి_టెస్టర్:
అమ్మా, పై 4లో గడియారానికి బ్యాటరీ ఉండదు, నెట్ నుంచే టైము తెచ్చుకుంటుంది. డీఎస్3231 అని చిన్న గడియారం మాడ్యూల్ వస్తుంది, నాలుగు వైర్లు కలిపి సాఫ్ట్‌వేర్‌లో చెబితే ఆ గోల తగ్గుతుంది. పై 5 లోపల గడియారం ఉంది గానీ దానికీ బ్యాటరీ విడిగా తగిలించాలి.

రిలే_రాజా:
చూశారా, రెండు నిమిషాల్లో పరిష్కారం దొరికింది. మేడమ్, సిస్టమ్ తప్పు కాదు, మీ అన్నయ్య మీకు నేర్పించకుండా వెళ్ళడం తప్పు. ఇంట్లోవాళ్ళు కూడా కాస్త నేర్చుకోవాలి. మా ఆవిడకి మొదట్లో చిరాకే, ఇప్పుడు అలవాటైపోయింది. అసలు లైట్లు వృథాగా వదిలేసేది ఎవరో తెలియక ముందు రోజూ గొడవ జరిగేది, ఇప్పుడు హిస్టరీ తీసి చూపిస్తా, గొడవే లేదు.

పిల్లిగడ్డం:
గొడవ లేదని నువ్వు అంటున్నావ్, ఆవిడ ఏమంటోంది?

కాలినకార్డు:
ఓహో. ఇదన్నమాట రెండేళ్ళ హిస్టరీ. పొద్దున్నుంచి నేను రాయడం తగ్గించు అంటే నీకు ఎందుకు మంట పుడుతోందో ఇప్పుడు అర్థమైంది. నీకు కావాల్సింది లైటు కాదు, ఎవరు వేశారో.

రిలే_రాజా:
నోరు అదుపులో పెట్టుకో. ఒక కార్డు సరిగ్గా మేనేజ్ చేసుకోలేనోడివి నాకు సంసారం నేర్పుతావా? నా ఇల్లు, నా డబ్బు, నా సర్వర్, డేటా బయటికి ఒక్క బైటు పోదు. క్లౌడ్ కంపెనీలు మీ ఇంట్లో సంగతులన్నీ తీసుకెళ్తుంటే మాట్లాడరు, ఇంట్లోనే ఉంచుకుంటే తప్పా?

మోడరేటర్:
ఇద్దరూ వ్యక్తిగత మాటలు ఆపండి. ఇంకోసారి అయితే థ్రెడ్ లాక్ చేస్తా.

మెట్లకింద:
రాజా గారూ, బయటికి పోవడం గురించి కాదు. మా అన్నయ్య పోయిన నెలలో ఫోన్ చేసి, రాత్రి 2 గంటలకి కిచెన్ లైటు వెలిగింది, అమ్మకి ఒంట్లో బాలేదా అని అడిగాడు. ప్రేమతోనే అడిగాడు, నాకు తెలుసు. అమ్మ ఏం లేదురా, నీళ్ళు తాగడానికి లేచా అంది. అప్పట్నుంచి ఆవిడ లైటు వెయ్యకుండా చీకట్లో తడుముకుంటూ వెళ్ళి తాగి వస్తోంది. నేను ఎన్నిసార్లు చెప్పినా, వాడికి మళ్ళీ కంగారు ఎందుకులే అంటుంది. నాకు స్విచ్ కావాలి. ఎవరికీ మెసేజ్ వెళ్ళని స్విచ్.

కొత్తవైర్:
ఇది చదివి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశా. స్విచ్‌లు ఉంటాయి. ప్రతి స్విచ్ బాక్సుకీ న్యూట్రల్ వైరు కూడా లాగమన్నా, బాక్సులు లోతైనవి పెట్టమన్నా, రేపు స్విచ్ వెనక ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న చిప్) మాడ్యూలో ఇంకేదో పెట్టుకోవాలన్నా చోటు ఉంటుంది. ఒకే బాక్సులోకి అన్ని వైర్లు లాగే ప్లాన్ పక్కన పెట్టేశా. పై ఉంటుంది, అది పోయినా ఇల్లు ఆగకూడదు అంతే.

రిలే_రాజా:
నీ ఇష్టం. గోడ స్విచ్ కొట్టుకునేవాడికి పై ఎందుకో నాకైతే అర్థం కాదు.

మెట్లకింద:
ఇంకో సంగతి ఎవరైనా చెప్పగలరా? అన్నయ్య అకౌంటే ఓనర్ అకౌంట్. దాని పాస్‌వర్డ్ నా దగ్గర లేదు. ఆయనకి చెప్పే చేస్తాను, దొంగతనంగా కాదు, కానీ అడిగితే నేనే సెట్ చేస్తాలే అని ఆర్నెల్లుగా అంటూనే ఉన్నాడు. హిస్టరీ తగ్గించి, ఆయన ఫోన్‌కి కనిపించకుండా ఎలా చెయ్యాలి?

రిలే_రాజా:
నేనైతే చెప్పను. పెట్టుబడి పెట్టి, రాత్రిళ్ళు కూర్చుని చేసినవాడిని అతని సిస్టమ్ నుంచే గెంటేస్తారా? రేపు ఏదైనా చెడిపోతే మళ్ళీ ఆయన్నే అడగాలి కదా.

కాలినకార్డు:
మెట్లకింద గారూ, ముందు బ్యాకప్ తీసి వేరే చోట దాచండి, ఆ కార్డు మీదే కాదు. తర్వాత ఆ బాక్సుకి మానిటర్, కీబోర్డ్ తగిలిస్తే కన్సోల్ వస్తుంది, అక్కడ ఓనర్ పాస్‌వర్డ్ రీసెట్ చేసే కమాండ్ ఉంది. మీరు లాగిన్ అయ్యాక రికార్డర్‌లో కిచెన్ లైటు, మోషన్ సెన్సర్లు తీసెయ్యండి, పాత చరిత్రకి పర్జ్ (చెరిపేసే కమాండ్) కొట్టండి. పాస్‌వర్డ్ మారింది కాబట్టి అన్నయ్య ఫోన్ దానంతటదే బయటికి పోతుంది, అంతే.

రిలే_రాజా:
చెప్పనన్నా గానీ ఇలా తప్పు చెబుతుంటే చూస్తూ ఊరుకోలేను. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పోయేది లేదు. లాంగ్-లివ్డ్ టోకెన్ (పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి రానిచ్చే తాళంచెవి లాంటిది) ఏదైనా చేసి పెట్టుకుని ఉంటే అది 10 ఏళ్ళు పనిచేస్తుంది, పాస్‌వర్డ్‌తో సంబంధం లేదు. ప్రొఫైల్‌లో సెక్యూరిటీలోకి వెళ్ళి డిలీట్ చెయ్యాలి, ముందే లాగిన్ అయి ఉన్న ఫోన్లు కూడా అక్కడే కనిపిస్తాయి, అవీ తియ్యాలి. బయట్నుంచి వైర్‌గార్డ్‌తో (ఇంటి నెట్‌వర్క్‌లోకి దారి ఇచ్చే వీపీఎన్) వస్తుంటే అందులో ఆయన ఫోన్ కీ కూడా తియ్యాలి.

మెట్లకింద:
టోకెన్లు రెండున్నాయంటున్నాడు మా కజిన్, ఇప్పుడు పక్కనే కూర్చుని చూస్తున్నాడు. ఒకటి అమ్మ ట్యాబ్ అని ఉంది, ఇంకోటి టెస్ట్ అని. ఏది తియ్యాలి?

రిలే_రాజా:
టెస్ట్ తియ్యండి. ట్యాబ్‌ది ముట్టుకోకండి, ప్యానెల్ ఆగిపోతుంది.