రిపీటెడ్ మెజర్స్ అనోవా: 40 మందిలో ఆరుగురు ఏమయ్యారు?

ప్రశ్న (ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీ పీజీ విద్యార్థిని):
అందరికీ నమస్కారమండీ. మోకాళ్ళ అరుగుదల ఉన్న 40 మంది పేషెంట్ల మీద నా థీసిస్. 20 మందికి మామూలు వ్యాయామాలు, మిగతా 20 మందికి వాటితో పాటు టేపింగ్ (మోకాలికి టేపు అంటించడం). నొప్పి స్కోరు మొదటి రోజున, తర్వాత 2, 4, 6 వారాలకి తీసుకున్నాం. నేను జతలుజతలుగా టీ-టెస్టులు చేస్తే గైడ్ గారు ఒప్పుకోలేదు, రిపీటెడ్ మెజర్స్ అనోవా (అవే మనుషుల్ని పలుసార్లు కొలిచినప్పుడు సగటులన్నీ ఒకేసారి పోల్చే పరీక్ష) చెయ్యమన్నారు. ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో చేశాను, బోలెడన్ని టేబుళ్ళు వచ్చాయి, ఏది చూడాలో తెలియడం లేదు. మాక్లీ టెస్ట్ సిగ్ (పి విలువ) .003 వచ్చింది, అంటే డేటా పనికిరాదా? టైమ్ దగ్గర డీఎఫ్ (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 3, ఎర్రర్ డీఎఫ్ 96, సిగ్ .000. పోస్ట్ హాక్ (ఏ జతల మధ్య తేడా ఉందో చూసే) బటన్ నొక్కితే అందులో గ్రూపే ఉంది, టైమ్ కనపడదు. సబ్మిషన్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు (స్టాటిస్టిక్స్ చెప్పే మాస్టారు):
డేటాకి ఏం కాలేదమ్మా, కంగారు పడకు. మీ గైడ్ గారి మాట సబబే. నాలుగు సమయాలంటే ఆరు జతలు. ఒక్కోదానికి 5 శాతం పొరపాటుకి చోటిస్తే, ఆరూ వేర్వేరు పరీక్షలనుకున్నా ఎక్కడో ఒకచోట ఉత్తుత్తి తేడా దొరికే అవకాశం 26 శాతం దాటుతుంది.

ముందు పి విలువలు పక్కన పెట్టి డీఎఫ్ చూడు. రెండు గ్రూపుల్లో 40 మంది ఉంటే ఎర్రర్ డీఎఫ్ (4 సమయాలు − 1) × (40 మంది − 2 గ్రూపులు), అంటే 3 × 38 = 114 రావాలి. నీకు 96 వచ్చింది. 96ని 3తో భాగిస్తే 32, దానికి రెండు గ్రూపులు కలిపితే 34. అంటే లెక్కలోకి వచ్చింది 34 మందే. మిగతా ఆరుగురికి ఎక్కడో ఒక గడి ఖాళీగా ఉండి ఉంటుంది. ఈ పద్ధతిలో ఒక్క విజిట్ లేకపోయినా ఆ మనిషి వరస మొత్తం తీసేస్తుంది, పెద్దగా హెచ్చరిక కూడా ఇవ్వదు. చూసి చెప్పు.

ఇక మాక్లీ సంగతి. ఏ రెండు సమయాలు తీసుకున్నా వాటి తేడాల వేరియన్స్ ఇంచుమించు ఒకేలా ఉండాలి, అదే స్ఫెరిసిటీ. .003 అంటే అది లేదని. (ఈ మాక్లీ ఎవరనుకున్నావు? 1940లో ఈ టెస్ట్ రాసిన ఆయనే తర్వాత ఎనియాక్ కంప్యూటర్ రూపకర్తల్లో ఒకడయ్యాడు.) అప్పుడు స్ఫెరిసిటీ అస్యూమ్డ్ వరస వదిలేసి దాని కింద ఉన్న గ్రీన్‌హౌస్-గైసర్ వరస (డీఎఫ్‌లు తగ్గించి సవరించిన లెక్క) చదవాలి. ఎప్సిలాన్ (స్ఫెరిసిటీ ఎంతవరకు ఉందో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా ఉన్నట్టు) ఎంత వచ్చింది? 0.75 దాటితే హ్యూన్-ఫెల్ట్ వాడతారు, లోపుంటే గ్రీన్‌హౌస్-గైసర్.

విద్యార్థిని:
అవును సార్! ఆరుగురు ఆరో వారం రాలేదు. ఎప్సిలాన్ .71.

మాస్టారు:
అయితే గ్రీన్‌హౌస్-గైసరే. డీఎఫ్‌లు రెండూ .71తో తగ్గుతాయి: 3 కాస్తా 2.13, 96 కాస్తా 68.16. ఎఫ్ విలువ మారదు, పి మారుతుంది. సిగ్ .000 అని థీసిస్‌లో దింపకు, పి < 0.001 అని రాయి.

ఇంకోటి. టైమ్ సిగ్నిఫికెంట్ అయిందని సంబరపడితే లాభం లేదు. వైద్యం చేస్తే రెండు గ్రూపులకీ నొప్పి తగ్గుతుంది, అది ఎలాగూ వస్తుంది. టేపింగ్ వల్ల అదనంగా ఏమన్నా ఒరిగిందా అన్నదే నీ ప్రశ్న, దానికి జవాబు టైమ్ × గ్రూప్ వరసలో ఉంటుంది. గ్రూప్ ఒక్కదానికి విడిగా వచ్చే టేబుల్ నాలుగు సమయాల సగటుని పోలుస్తుంది. అందులో వైద్యం మొదలుపెట్టకముందు స్కోరు కూడా కలిసిపోతుంది, కాబట్టి దాని మీద ఎక్కువ ఆధారపడకు.

పోస్ట్ హాక్ బటన్ గ్రూపుల వంటి వాటికే. టైమ్‌కి కావాలంటే ఈఎమ్ మీన్స్‌లో (పాత వెర్షన్లలో ఆప్షన్స్‌లో) టైమ్‌ని కుడివైపుకి తెచ్చి కంపేర్ మెయిన్ ఎఫెక్ట్స్ టిక్ పెట్టి, కింద ఎల్‌ఎస్‌డీ బదులు బాన్‌ఫెరోనీ (జతల సంఖ్యని బట్టి పి విలువని సవరించేది) ఎంచుకో. ఎల్‌ఎస్‌డీ ఏ సవరణా చెయ్యదు, అది మర్చిపోతే మళ్ళీ టీ-టెస్టుల దగ్గరికే వస్తావు.

మరొకరు (డేటా అనలిస్ట్):
ఆరుగురిని వదిలెయ్యడం నాకు నచ్చలేదు. రాని వారానికి ముందు వారం స్కోరే దింపేసే అలవాటు కొందరికి ఉంది, అది ఇంకా ప్రమాదం. మిక్స్‌డ్ మోడల్ చెయ్యండి, ఉన్న మూడు విజిట్లూ లెక్కలోకి వస్తాయి. డేటా మెనూలో రీస్ట్రక్చర్‌తో ఒక్కో విజిట్‌కి ఒక్కో వరస చేసుకోవాలి. ఒక జాగ్రత్త: రెండు గ్రూపుల్లోనూ పేషెంట్లకి 1 నుంచి 20 అని నంబర్లు వేసి ఉంటే ముందే మార్చండి, 1 నుంచి 40 ఉండాలి. లేదంటే ఇద్దరు మనుషుల్ని ఒకరనుకునే వీలుంది. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే పేషెంట్ నంబరుని ఫ్యాక్టర్‌గా (అంకెగా కాక పేరులా) మార్చుకోవడం కూడా మేలు.

మాస్టారు:
మంచి మాట. కాకపోతే వాళ్ళు ఎందుకు రాలేదో కూడా కనుక్కోవాలి. నొప్పి తగ్గి మానేశారా, తగ్గక మానేశారా, ఏ గ్రూపులో ఎంతమంది? అది థీసిస్‌లో ఒక పేరాగా రాయమ్మా, వైవాలో అడిగే మొదటి ప్రశ్న అదే కావచ్చు.

విద్యార్థిని:
టేపింగ్ గ్రూపులో ఐదుగురు, ఇంకో గ్రూపులో ఒకరు సార్. రిజిస్టర్‌లో ఫోన్ నంబర్లున్నాయి, రేపు పొద్దున్నే అడుగుతాను. మిక్స్‌డ్ మోడల్‌లో కోవేరియన్స్ టైప్ (వేర్వేరు వారాల స్కోర్లు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయన్నది) ఏది పెట్టాలి?

డేటా అనలిస్ట్:
నాలుగే సమయాలు కాబట్టి అన్‌స్ట్రక్చర్డ్‌తో (ముందే ఏ నమూనా అనుకోనిది) మొదలుపెట్టండి, పది పారామీటర్లు అవుతాయి. మోడల్ కుదరలేదని మెసేజ్ వస్తే ఏఆర్ 1 (దగ్గరి విజిట్ల స్కోర్లకి ఎక్కువ సంబంధం ఉందనుకునేది) పెట్టి చూడండి. రెండూ పనిచేస్తే ఏఐసీ (మోడళ్ళని పోల్చే అంకె) తక్కువ వచ్చినదాన్ని ఉంచండి. ఐదుకి ఒకటి అంటే మాత్రం ఫోన్లు చేశాకే మోడల్ జోలికి వెళ్ళండి. టేపింగ్ పడక చర్మం దురద పెట్టి మానేసి ఉంటే అది కూడా ఫలితమే.