బి టవర్ ఐదో గంటకే తేమ వదిలేస్తోంది: సీవ్ మొత్తం మార్చాలా?

నైట్రోజన్‌లోని తేమ తీసే రెండు టవర్ల డ్రయ్యర్. లోపల 4ఏ రకం మాలిక్యులర్ సీవ్ (తేమను పీల్చుకునే పదార్థం), 3 మి.మీ. గుళికలు, గ్యాస్ పైనుంచి కిందికి, 8 గంటల సైకిల్. ఎ టవర్ చివరిదాకా మైనస్ 70 డిగ్రీల డ్యూ పాయింట్ (గ్యాస్‌లోని తేమ గడ్డకట్టడం లేదా నీరవడం మొదలయ్యే ఉష్ణోగ్రత; ఎంత తక్కువైతే గ్యాస్ అంత పొడి) ఇస్తోంది. బి కూడా మొదట్లో అంతే, ఐదో గంట దాటాక మైనస్ 40కి వచ్చేస్తోంది. వాల్వ్ లీకైతే మొదటి నిమిషం నుంచే చెడాలి కదా, అందుకే అనుమానం సీవ్ మీదే.

రీజనరేషన్ (సీవ్ పీల్చిన తేమను వేడితో వదిలించడం) కిందినుంచి పైకి, 260 డిగ్రీల గ్యాస్‌తో. ఎ అవుట్‌లెట్ 110 దగ్గర కాసేపు నిలబడి 220కి ఎక్కుతుంది. బి అదే టైములో 170 దాటడం లేదు. బి ప్రెషర్ డ్రాప్ (టవర్ దాటేసరికి తగ్గే పీడనం) 0.15 బార్ నుంచి 0.4కి పెరిగింది. కింది ఫిల్టర్‌లో తెల్లటి పిండి, వేళ్ల మధ్య నలిపితే బంకమట్టిలా జారుతోంది.

హీటర్ ఒక్కసారిగా ఫుల్ లోడ్‌లో పెడితే పైనున్న చల్లటి పొరలో ఆవిరి నీరై గుళికలు గడ్డకడతాయి. ఇక్కడ జరిగింది అదేనా? నిమిషానికి 3, 4 డిగ్రీల చొప్పున పెంచితే చాలా, 120 దగ్గర గంటసేపు ఆపాలా? గడ్డకట్టిన పైభాగంలో ఒక అడుగు మందం పొర తీసి యాక్టివేటెడ్ అల్యూమినా (తేమ పీల్చే మరో రకం గుళికలు) వేస్తే మిగతా సీవ్ బెడ్ నిలుస్తుందా? ఇలా సగం మార్చి నడిపినవాళ్లు చెప్పగలరు.