చెయ్యేరు నదికి ఎగువన ఉన్న వంకలకు చెక్‌డ్యాములు కడితే వరద ఆగుతుందా?

ఏటిగట్టు: ముందు ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, తర్వాత 2021 నవంబర్ 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఆ వరదకు దిగువనున్న పులపత్తూరు, మందపల్లి ఊళ్లు ఏమయ్యాయో తెలిసిందే. పైన వంకలన్నిటికీ చెక్‌డ్యాములు కడితే ఇసుకా వరదా రెండూ ఆగుతాయని మా ఊళ్లో కొందరంటున్నారు. నాకు నమ్మకం లేదు.

పాత ఏఈ: వరద ఆగదు, లెక్క వేసుకోండి. 2 మీటర్ల ఎత్తు, 20 మీటర్ల వెడల్పు, వంక వాలు నూటికి ఒకటి అనుకుంటే వెనక నిలిచేది 4,000 ఘనపు మీటర్లు. వెయ్యి క్యూసెక్కులొస్తే రెండున్నర నిమిషాలు కూడా పట్టదు నిండటానికి. కానీ దాని పని నీళ్లు ఆపడం కాదండీ. పూడిక నిండినా పైన వాలు తగ్గుతుంది, నీటి ఉరవడి తగ్గి గట్లు కోసుకుపోవడం తగ్గుతుంది. జపాన్‌లో కొండవాగులకు కట్టే సాబో డ్యాముల్లో కొన్నిటికి నడుమ సందు వదులుతారు, ఇసుక పోతుంది, బండరాళ్లూ చెట్ల మొద్దులూ ఆగుతాయి.

ఏటిగట్టు: రెండున్నర నిమిషాలని మీరే అన్నారు. అయిపోయింది.

పాత ఏఈ: సగమే చదివారు.

మామిడితోట: జపాన్‌లో పూడిక తీసేవాళ్లున్నారు సార్. ఇక్కడ?

కడప కుర్రాడు: అన్నమయ్య తెగింది వచ్చిన నీళ్లకు స్పిల్‌వే (ఎక్కువైన నీళ్లు వదిలే దారి) చాలక కదా, పూడిక గొడవ ఎందుకు మధ్యలో

ఏటిగట్టు: మా చేను పక్కన వంకకూ ఒకటి కట్టారు. మొదటి పెద్దవానకే నీళ్లు గోడ పక్కనుంచి గట్టు కోసుకుని నా చేలో పడ్డాయి. డ్యాం మాత్రం చెక్కుచెదరలేదు, వంకే దారి మార్చుకుంది! ఎకరన్నరలో మోకాలిలోతు ఇసుక, వేరుశనగ కనబడలేదు.

పాత ఏఈ: పక్కగోడలు గట్టులోకి లోతుగా దించలేదన్నమాట. అది కట్టినవాడి తప్పు. నేను పదకొండు కట్టించాను.

ఏటిగట్టు: వాటిలో ఎన్నిటిని మళ్లీ వెళ్లి చూశారు?

మామిడితోట: 🙏

పాత ఏఈ: బిల్లయ్యాక ఎవరూ వెళ్లరు, నేనూ వెళ్లలేదు. ఒక్కదానికి మాత్రం లోపలివైపు గోడ మీద అడుక్కొకటి చొప్పున ఎర్రరంగు గీతలు వేయించాను, ఏటా ఎండాకాలం పూడిక ఎంత లేచిందో చూద్దామని. రెండేళ్లకు బదిలీ అయింది. అలా కొలవకుండా పనిచేసిందనీ చేయలేదనీ మీరూ నేనూ ఎలా అంటాం?

ఏటిగట్టు: నా కోపం గోడ మీద కాదు సార్. అది కట్టాక ‘పైన కట్టాం కదా, ఇక భయం లేదు’ అన్నారు. ఆ మాట నమ్మే వంక ఒడ్డున మా తమ్ముడు ఇల్లు కట్టాడు. ఇప్పుడు వానపడితే రాత్రంతా టార్చిలైటు పట్టుకుని కూర్చుంటున్నాం.

పాత ఏఈ: ఆ మాట మేమూ చెప్పేవాళ్లం. చెప్పాల్సింది కాదు.

కడప కుర్రాడు: ఆ గీతలున్నది ఎక్కడ సార్? దగ్గరైతే ఆదివారం బండేసుకుని వెళ్లొస్తా.

పాత ఏఈ: లొకేషన్ విడిగా పంపిస్తాను. నేనొచ్చేసేటప్పటికి రెండో గీత దాకా పూడింది. మూడోది కనబడుతోందేమో చూడండి.