అప్‌డేట్: వేసవి సెలవుల్లో మూడో తరగతి పాప చదువు మరిచిపోతోంది – చివరికి ఏది పనిచేసిందంటే

సెలవులు మొదలైన రెండు వారాలకే మా పాప ఎక్కాల్లో తడబడుతోందని, పుస్తకం ముట్టడం లేదని, ఏం చేయాలో చెప్పమని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. బడి తెరిచారు కాబట్టి జరిగింది రాస్తున్నాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

బాగా పనిచేసింది "పుస్తకం తననే ఎంచుకోనివ్వండి" అన్న మాట. నేను తెచ్చిన నీతికథలు పక్కన పెట్టి జంతువుల పుస్తకాలు తీసుకుంది. రాత్రి పడుకునే ముందు 20 నిమిషాలు, ఒక పేజీ తను, ఒక పేజీ నేను పైకి చదివాం. మూడో వారానికి నా వంతు పేజీ కూడా తనే చదివేసింది! ఆ సంతోషం మాటల్లో చెప్పలేను.

లెక్కల్లో నేనే పొరబడ్డాను. టీచరు కాసేపు కూర్చోబెట్టి చూసి, అసలు చిక్కు ఎక్కాల్లో కాదు, అప్పు తెచ్చుకునే తీసివేతల్లో ఉందన్నారు. 52లో 5 అంటే యాభై అని పాపకు తెలియదు. పుల్లలను పదేసి కట్టలుగా కట్టి, అవసరమైనప్పుడు ఒక కట్ట విప్పి తీసివేయించాం. వారంలో కుదిరింది. ఎక్కాలు రోజూ ఐదు నిమిషాలు అడిగితే సరిపోయింది.

లావుపాటి వర్క్‌బుక్ నాలుగు పేజీలు దాటలేదు. ట్యూషన్ అవసరం పడలేదు. చేతిరాత మాత్రం ఇంకా వెనకబడే ఉంది, దాన్ని ఇప్పుడు మొదలుపెట్టాం.