అప్‌డేట్: తొలినాళ్ల బ్లాక్ హోల్ అంత బరువు ఎలా పెరిగింది? జవాబు చాలావరకు దొరికింది

బిగ్ బ్యాంగ్ తర్వాత 67 కోట్ల ఏళ్లకే ఒక క్వాజార్‌లో (గ్యాస్‌ని మింగే బ్లాక్ హోల్ వల్ల విపరీతంగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డు) 160 కోట్ల సూర్యుల బరువున్న బ్లాక్ హోల్ ఎలా వచ్చిందని తిరుపతిలో నా టెన్త్ పిల్లలు అడిగితే ఇక్కడ పోస్ట్ పెట్టాను. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్సండీ.

"ఎడింగ్టన్ పరిమితితో లెక్కేసి చూడండి" అన్న సలహాతో ముడి వీడింది. లోపలికి పడే గ్యాస్ వేడెక్కి వెలిగితే, ఆ వెలుగే వెనకొచ్చే గ్యాస్‌ని బయటికి నెడుతుంది. అందుకే బ్లాక్ హోల్ తిండికి ఒక హద్దు, అదే ఎడింగ్టన్ పరిమితి. ఆ హద్దులో బరువు రెట్టింపవడానికి సుమారు 3 కోట్ల ఏళ్లు. 100 సూర్యుల బరువుతో మొదలైతే దాదాపు 24 రెట్టింపులు, అంటే 72 కోట్ల ఏళ్లు. టైం చాలదు! 10,000 సూర్యుల బరువుతో మొదలైతే 17 రెట్టింపులతో సరిపోతుంది.

ఇక్కడి కాలేజీ ఫిజిక్స్ సార్ కూడా లెక్క సరిచూసి ఒప్పుకున్నారు. పెద్ద గ్యాస్ మేఘం నేరుగా కూలి భారీ విత్తనం (అంటే మొదట్లోనే పెద్ద బ్లాక్ హోల్) అయిందా, లేక చిన్న బ్లాక్ హోలే హద్దు దాటి తిన్నదా అన్నది ఇంకా తేలలేదన్నారు. 2023లో చంద్రా, జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులు కలిసి చూపిన యూహెచ్‌జెడ్1 అనే తొలినాళ్ల గెలాక్సీలోని బ్లాక్ హోల్ భారీ విత్తనం వైపే మొగ్గుతోంది. నాకూ అదే నమ్మకంగా ఉంది.

బ్లాక్ హోల్ డార్క్ మ్యాటర్‌ని (కంటికి కనపడని పదార్థాన్ని) మింగడం గురించిన చర్చ దీనికి అక్కర్లేదు. బ్లాక్ హోల్స్ కలిసిపోవడం నిజమే గానీ, బరువులో ఎక్కువ భాగం గ్యాస్‌దే.