బధిర పాఠశాల ఆరో తరగతి: వాక్యాల లెక్కలు, చెవి మిషన్ కూతలు. మీరేం చేస్తున్నారు?

హంద్రీ_మాస్టారు (కర్నూలు)
స్పెషల్ బీఈడీ చేసి కొత్తగా వచ్చే టీచర్లకు పనికొచ్చేలా ఒక చోట పోగేద్దాం. రెండు సమస్యలు. ఒకటి, కూడికలు, గుణకారాలు చకచకా చేసే పిల్లలు అదే లెక్కను వాక్యంగా ఇస్తే కనిపించిన అంకెలన్నీ కూడేస్తారు. రెండు, తరగతిలో సగం చెవి మిషన్లు (వినికిడి యంత్రాలు) కూస్తుంటాయి. సైగలా, మాటలా అనే వాదం మాత్రం ఇక్కడ వద్దు. అది తెమిలేది కాదు.

ధర్మవరం_టీచరమ్మ
సార్, పిల్లలకు లెక్క రాక కాదు, విభక్తి అందక. ఐఎస్ఎల్‌లో (భారతీయ సైగల భాషలో) కి, తో, కంటే అంటించే పని లేదు. మనిషిని ఒక చోట, వస్తువును ఇంకో చోట పెట్టి, చెయ్యి కదిలే దిక్కుతో ఆ సంబంధం చెప్పేస్తారు. అందుకే నోటుబుక్కులో "రాము బడి వెళ్ళాడు" అని వస్తుంది.

లెక్కల్లో ముంచేవి చొప్పున, కంటే, మిగిలిన, ఒక్కొక్కరికి. "ఎక్కువ అంటే కూడిక" అని చార్టు రాసి గోడకు అంటిస్తే ఇంకా ముంచుతుంది. "రాము దగ్గర 12 గోళీలు ఉన్నాయి. అవి సీత గోళీల కంటే 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?" తరగతిలో చాలామంది 17 అంటారు. జవాబు 7. ఆ చార్టు తీసేయండి.

ముందు ఇద్దరు పిల్లలను నిలబెట్టి గోళీలు చేతికిచ్చి, ఎవరి దగ్గర ఎక్కువో సైగతో అడగండి. తర్వాత రెండు పట్టీలు గీయించండి: పొడుగుది రాము, పొట్టిది సీత. అప్పుడే వాక్యం బోర్డు మీదికి రావాలి, "కంటే" ఒక్కటి రంగు సుద్దతో. అంకెలు చివర. అయ్యాక పట్టీల బొమ్మ మాత్రం ఉంచి, వాక్యాన్ని పిల్లలతోనే తిరిగి రాయించండి. అసలు నేర్చుకునేది అక్కడే. పీరియడుకు రెండు లెక్కలు చాలు, సిలబస్ వెనకబడినా సరే.

బురుజు_వీధి
మేడం చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పరీక్షలో ప్రశ్నను సైగ చేస్తే కొన్నిసార్లు సైగే జవాబు చెప్పేస్తుంది. "త్రిభుజానికి ఎన్ని భుజాలు?" అని వేళ్ళతో త్రిభుజం చూపిస్తే ఇక అడగడానికేముంది! అలాంటివి కాగితం మీద రాసే ఇవ్వాలి.

సైగ తెలియని పదానికి సొంతంగా కల్పించకండి. ఐఎస్ఎల్ఆర్‌టీసీ (సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం) నిఘంటువులో 2021 నాటికే 10,000 పదాలకు వీడియోలు వచ్చాయి. లెక్కలవీ, సైన్సువీ ఉన్నాయి. ఒకే బడిలో ముగ్గురు టీచర్లు "భిన్నం"కి మూడు సైగలు వాడితే నలిగేది పిల్లలే.

కడప_బండ
గది సంగతి. వరసగా బెంచీలు వద్దు, అర్ధచంద్రంగా కూర్చోబెట్టండి, ఒకరి చేతులు ఒకరికి కనపడాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడకండి, మీ ముఖం నల్లగా మాత్రమే కనిపిస్తుంది. బోర్డు వైపు తిరిగి చెప్పింది ఎవరికీ చేరదు. పుస్తకం, సైగ ఒకేసారి చూడలేరు. చూపించండి, ఆగండి, తలలు లేచాక చెప్పండి. గళ్ళ చొక్కా కంటే ముదురు రంగు సాదా చొక్కా మేలు, చేతులు తేటగా కనబడతాయి.

పిలవడానికి కాలితో నేల తట్టమని శిక్షణలో చెబుతారు. అది చెక్క నేలకు. మన కడప బండల మీద ఎంత తట్టినా కంపనం పోదు. లైటు స్విచ్ రెండుసార్లు వేసి ఆర్పండి, కరెంటు లేకపోతే బల్ల తట్టండి. మిషన్ పెట్టుకునే పిల్లలకు ఇవే బండలు ఇంకో తలనొప్పి, గదంతా మోగుతుంది. కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులు, గోడకు మందపాటి గుడ్డ కొంత నయం. మాట్లాడేవాళ్ళకీ మిషన్‌కీ దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి వాల్యూం పెంచేకంటే దగ్గరికి నడవడం మేలు.

పెదాలు చూసి పట్టుకుంటారులే అనుకోకండి. పాట, బాట, మాట మూడూ పెదాల మీద ఒకటే.

వేంపల్లె_ఆడియో
మిషన్ల గురించి. కూత వస్తే వాల్యూం తగ్గించడం మందు కాదు. మిషన్ తీసి, మోల్డ్ (చెవిలో కూర్చునే అచ్చు) రంధ్రం వేలితో గట్టిగా మూయండి. కూత ఆగితే లీకు చెవి దగ్గరే: మోల్డ్ వదులైంది, సరిగా కూర్చోలేదు, లేదా చెవిలో గులిమి నిండింది. ఆగకపోతే మోల్డ్‌ను మిషన్‌కు కలిపే ట్యూబు చిట్లింది, అది తగిలే హుక్కు వదులైంది, లేదా లోపలే పోయింది. పసుపుబారి గట్టిపడిన ట్యూబును మూడు నుంచి ఆరు నెలల్లో మార్చాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు మోల్డ్ కూడా దాదాపు అంతే, చెవి పెరుగుతుంది కదా.

మోల్డ్‌ను మిషన్ నుంచి విడదీసి, గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి, బ్లోయర్‌తో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డితో) ట్యూబులో తడి ఊదేసి, ఆరాక తగిలించండి. మిషన్‌కు నీళ్ళు తగలకూడదు. ఎరుపు గుర్తు కుడి, నీలం ఎడమ. హాస్టల్లో తలకు నూనె రాసేముందు మిషన్లు తీయించండి. కొబ్బరినూనె రంధ్రంలోకి దిగితే ఆ రోజుకు అంతే.

బ్యాటరీ: శక్తి ఎక్కువున్న మిషన్లకు నీలం స్టిక్కరు 675, చిన్నవాటికి నారింజ స్టిక్కరు 13. స్టిక్కరు పీకాక ఒక నిమిషం గాలికి ఉంచి వేయాలి. లోపలి జింకుకు గాలి అందాలి. పీకాక మళ్ళీ అంటించినా లాభం లేదు, అరుగుతూనే ఉంటుంది. ఏప్రిల్ ఎండల్లో మన దగ్గర గాలి బాగా పొడి, బ్యాటరీ లోపలి తడి ఆరిపోయి తొందరగా చచ్చిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, మిషన్‌ను సిలికా జెల్ డబ్బాలో ఉంచండి.

హంద్రీ_మాస్టారు
పొద్దున ప్రతి పిల్లాడి మిషన్ చూడటానికి టైమేది సార్?

వేంపల్లె_ఆడియో
లింగ్ పరీక్ష చాలు, వినబడుతోందో లేదో చూసే ఆరు శబ్దాలు: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. మనిషికి నిమిషం. మీటరు దూరంలో వెనక నిలబడి, క్రమం మార్చి, మధ్యలో ఊరికే ఆగుతూ చెప్పండి. లేకపోతే పిల్లలు లయ పట్టి ఊహించేస్తారు. వినగానే డబ్బాలో ఒక చింతగింజ వేయాలి. రోజూ పట్టే "స్" ఇవాళ పట్టకపోతే ట్యూబులో తడో, గులిమో. "ఊ", "మ్" పోతే మోల్డ్ వదులై మంద్ర స్థాయి శబ్దాలు బయటికి కారుతున్నట్టు. ఆరూ పోతే ముందు బ్యాటరీ.

పులివెందుల_నాన్న
అన్నా, పాపను జూన్‌లో హాస్టల్లో చేర్చాల. ఏమేం ఇచ్చి పంపాల?

ధర్మవరం_టీచరమ్మ
సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఆడియోగ్రాం (వినికిడి పరీక్ష పటం), మూడూ రెండేసి నకళ్ళు. నెలకు సరిపడా బ్యాటరీలు, ఒక బ్లోయర్, మూత బిగుతుగా పట్టే డబ్బా. ఒక పలచటి నోటుబుక్కు కూడా: పాప ఇంట్లో వాడే సైగలు, నీళ్ళకు ఏది, కడుపునొప్పికి ఏది, అవ్వకు ఏది. బొమ్మ గీసినా చాలు, రాయడం రాకపోతే ఎవరితోనైనా రాయించండి. మొదటి నెల వార్డెన్‌కు అన్నిటికంటే పనికొచ్చేది అదే.